గాలికి వేసిన బీగం

తలుపు కనిపెట్టినవాడు మనిషిని జంతువు నుంచి వేరు చేశాడు. తాళం కనిపెట్టినవాడు మనిషిని మనిషి నుంచి వేరు చేశాడు. తాళం వేసి, చెవిని గుమ్మం ముందు పట్టా కింద పెట్టి, ఆ సంగతి పక్కింటివాళ్ళకీ పాలవాడికీ గ్యాస్ బండ తెచ్చేవాడికీ చెప్పి ఊరికి వెళ్ళడం కనిపెట్టి, మానవజాతిని మళ్ళీ ఒకటి చేసింది మాత్రం మన అపార్ట్‌మెంట్లవాళ్ళే. ఈ మూడో ఘట్టానికి చరిత్రలో రావలసినంత గౌరవం రాలేదు. ఆ లోటు కొంతైనా తీర్చాలని, రెండువేల ఎనిమిదిలో మా అపార్ట్‌మెంట్‌లో ఇంటర్నెట్‌కి తాళాలు వేసిన మహోద్యమాన్ని ఇక్కడ రాసి పెడుతున్నాను.

మాది బెంగళూరు చివర బొమ్మసంద్ర దాటాక హోసూరు రోడ్డు మీంచి లోపలికి తిరిగితే వచ్చే శ్రీ తిమ్మరాయస్వామి ఎన్‌క్లేవ్. ఒకప్పుడు అది తిమ్మరాయప్పగారి రాగి చేను. బిల్డరు చేను తీసుకుని ఆయనకి ఎనిమిది ఫ్లాట్లూ, అసోసియేషన్‌కి శాశ్వత అధ్యక్ష పదవీ ఇచ్చాడు. (రెండోది అగ్రిమెంట్‌లో లేదు. కానీ రాగులు పండించిన చోట ఇంకొకడు అధ్యక్షుడెలా అవుతాడని ఎవరూ పోటీ చేయలేదు.) అద్దెకున్నవాళ్ళం చాలావరకు ఆంధ్రా నుంచి వచ్చిన తెలుగువాళ్ళమే. అందరూ ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేస్తే నేనొక్కణ్ణి ఊరికి అటు చివరనున్న పీణ్యకి వెళ్తాను. అక్కడ ఒక పంపుల కంపెనీలో, పంపుతో పాటు డబ్బాలో వచ్చే జాగ్రత్తల కాగితం రాయడం నా ఉద్యోగం. దాన్ని ఇంతవరకు ఎవరూ చదవలేదు. కాబట్టి భద్రత గురించి మాట్లాడే అర్హత నాకు ఉంది.

మా ఎదురిల్లు 302. అందులో ఫయాజ్, అతని భార్య సమీనా ఉండేవాళ్ళు. కర్నూలువాళ్ళు. ఈ ఇల్లు దొరికే ముందు వాళ్ళు బెంగళూరులో చాలా ఇళ్ళు చూశారు. ప్రతి ఇల్లూ ఫోన్‌లో పేరు చెప్పేంతవరకు ఖాళీగానే ఉండేది, పేరు చెప్పగానే నిన్ననే ఎవరికో ఇచ్చేసినట్టు తేలేది. తిమ్మరాయప్పగారు ఒక్కరే పేరు అడగలేదు. “పేరుతో నాకేం పనప్పా. నెల పుట్టంగానే బాడుగ ఇస్తే సాలు, నీళ్ళు సుమ్నె ఊరికే పారబోయకుంటే సాలు,” అన్నారు. అగ్రిమెంట్ మీద సంతకాలయ్యాక కళ్ళజోడు పెట్టుకుని చదివి, “ఫయాజు. బాగుండాది పేరు,” అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. సమీనాకి రెండు వీధుల అవతల బడిలో సైన్సు టీచరు ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసి వెళ్ళేది.

బెంగళూరులో ఇళ్ళు పదకొండు నెలలకే ఇస్తారు. (పన్నెండో నెల, తానెవరో అద్దెవాడు గుర్తు తెచ్చుకోవడానికి కేటాయించబడింది.) ఈ కథ మొదలయ్యే సమయానికి 302 పన్నెండో నెలలో ఉంది. అగ్రిమెంట్ తిరగరాయాలి.

ఫయాజ్ గురించి ఒక మాట చెప్పాలి. మంచివాడు, కానీ భరించడం కష్టం. ఏదో కంపెనీలో నెట్‌వర్కులు కాపాడే పని. ఆఫీసులో కాపాడింది చాలదన్నట్టు లిఫ్ట్‌లో కూడా కాపాడేవాడు. “సార్, మీ వైఫై ఓపెన్‌గా ఉంది, లాక్ పెట్టండి,” అని మూడో అంతస్తు నుంచి కిందకి వచ్చేలోపు మొత్తం శాస్త్రం చెప్పేవాడు. ఇంటి తలుపు తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, లాగి చూసి వెళ్ళేవాడు. అలాంటివాడి పక్కన ఉంటే మనం ఎంత అజాగ్రత్తగా బతుకుతున్నామో తెలుస్తుంది. అది ఎవరికీ నచ్చదు.

అప్పట్లో మా అపార్ట్‌మెంట్‌లో వైర్‌లెస్ రూటర్లున్న ఇళ్ళు పదకొండు. అన్నీ కొన్ననాడు డబ్బాలోంచి ఎలా వచ్చాయో అలాగే ఉండేవి. చాలావాటికి ఒకటే పేరు, కంపెనీవాడు పెట్టింది. మన కంప్యూటరు తనకి నచ్చిన దాన్ని పట్టుకునేది. ఎవరి నెట్ ఎవరు వాడుతున్నారో ఎవరికీ తెలియదు కనుక ఎవరూ ఎవరినీ తప్పుపట్టేవాళ్ళు కారు. “మీ నెట్ మా వంటింట్లోకి బాగా వస్తోందండీ” అని ఆడవాళ్ళు మెచ్చుకోలుగా చెప్పుకునేవాళ్ళు. మీ పోపు వాసన మా ఇంట్లోకి వస్తోంది అన్నట్టే. చిన్న గిన్నె పట్టుకుని తోడుకి వచ్చినవాళ్ళని మనవాళ్ళు ఎవరూ లేదనరు. నెట్ కూడా ఆ పద్దులోకే చేరింది.

ఇలా సుఖంగా ఉండగా, ఒక ఆదివారం తిమ్మరాయప్పగారు కన్నడ పేపర్లో ఒక వార్త చదివారు. ఏదో ఊళ్ళో ఎవడో ఒకడు ఒక ఇంటి బయట కారాపుకుని, ఆ ఇంటి వైఫై మీంచి చెడ్డ మెయిలు పంపాడట. పోలీసులు మెయిలు పంపినవాడింటికి కాకుండా వైఫై ఉన్నవాడింటికి వచ్చారట. ఇడ్లీలు తినడం అయ్యేసరికి సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి సర్వసభ్య సమావేశం పెట్టారు.

కార్యదర్శి అమరనాథ్ 104లో ఉంటాడు. ఇతరులు పని చేశారా లేదా అని కాక, చేసినట్టు రాశారా లేదా అని చూడటం ఆయన ఉద్యోగం. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, ఆ వేళ అంతస్తులన్నీ తిరిగి చేసిన సర్వే చదివాడు.

“మొత్తం పదకొండు నెట్‌వర్క్స్. పది ఓపెన్. అంటే పది ఇళ్ళలో కంప్లీట్ ట్రాన్స్‌పరెన్సీ ఉంది. ఒక్కటి మాత్రం లాక్ చేసి ఉంది. దానికి పేరు కూడా కనపడట్లేదు.”

“ఎవరిదప్పా ఆ ఒకటి?” అన్నారు తిమ్మరాయప్పగారు.

“302 సార్.”

ఫయాజ్ లేచి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది. తనని మెచ్చుకోబోతున్నారనుకున్నాడు పాపం. ఏడాదిగా ఈ రోజు కోసమే లిఫ్ట్‌లో మాట్లాడుతూ వచ్చాడు మరి.

“నాదే అంకుల్. పాస్‌వర్డ్ ఇరవై ఆరు అక్షరాలు పెట్టినా. ఎవరికీ కనపడకుండా పేరు కూడా దాచినా.”

ఈ రెండో వాక్యం చెప్పకపోయినా సరిపోయేది.

“పేరు ఏమిటికి దాచినావప్పా?”

“సేఫ్టీ కోసం అంకుల్. పేరు తెలిస్తేనే కదా ఇబ్బంది.”

“బీగమేసుకునేంతది ఏముండాది మీ ఇంట్లో?”

“ఏం లేదంకుల్. బయటోడు వాడకుండా, అంతే.”

అమరనాథ్ తల ఎత్తాడు. “బయటివాడు ఎలా మిస్‌యూజ్ చేస్తాడో మీకు తెలుసా?”

“తెలుసు సార్. నా జాబే అది.”

అమరనాథ్ దాన్ని టైపు చేసుకున్నాడు. చుట్టూ ఉన్న కుర్చీలు కాస్త సర్దుకున్నాయి. పది ఇళ్ళు బార్లా తెరిచి ఉన్నప్పుడు ఒక ఇంటికి తాళం ఎందుకుందన్న ప్రశ్న, వినడానికి ఎంత తెలివితక్కువగా ఉన్నా, సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నప్పుడు చాలా సహేతుకంగా అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

తిమ్మరాయప్పగారు మాత్రం ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉన్నారు. “అసలీ పాస్‌వర్డ్ అంటే ఏమప్పా?”

ఫయాజ్‌కి ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు. “వాకిట్లో నిలబడి ఒక మాట చెప్పాలంకుల్. ఆ మాట కరెక్ట్ అయితే లోపలికి రానిస్తుంది. కాకపోతే రానీదు.”

“వచ్చినోడు మంచోడైతే?”

“మంచోడా, చెడ్డోడా, ఏం పని మీద వచ్చినాడు, అదేం చూడదు. మాట ఒక్కటే చూస్తుంది.”

“మనిషిని చూడదా?”

“చూడదంకుల్.”

తిమ్మరాయప్పగారు నిజంగానే బాధపడ్డారు. “అట్లెట్లప్పా. మనిషిని చూడాల కదా,” అన్నారు.

ఆ రోజే వైర్‌లెస్ భద్రతా ఉపసంఘం ఏర్పడింది. కన్వీనరు అమరనాథ్. మహిళా ప్రతినిధి తిమ్మరాయప్పగారి భార్య పుష్పావతమ్మ. పదకొండు ఇళ్ళూ విధిగా తాళాలు వేసుకోవాలని మొదటి తీర్మానం. (302 ఎలాగూ వేసుకునే ఉంది కనుక ఆ తీర్మానం ఫయాజ్‌కి అనుకూలమని అమాయకులు కొందరు అనుకున్నారు.) వేసిన తాళాల చెవులు ఏం చేయాలన్నది రెండో ప్రశ్న. దీనికి మా దగ్గర పాత పద్ధతే ఉంది. ఒకసారి ఎవరో ఊరెళ్ళినప్పుడు వాళ్ళింట్లో కుళాయి విరిగి కింది మూడు ఇళ్ళు తడిశాయి. అప్పటినుంచి ప్రతి ఇంటి డూప్లికేట్ తాళంచెవీ గేటు దగ్గర చెక్క బోర్డు మీద మేకుకి వేలాడుతుంది. వాచ్‌మన్ లింగన్న దానికి కాపలా. లింగన్న టీకి వెళ్ళినప్పుడు ఆ బోర్డే గేటుకి కాపలా.

కనుక పాస్‌వర్డులు కూడా అట్ట ముక్కల మీద రాసి అదే బోర్డుకి పదకొండు కొత్త మేకులు కొట్టి వేలాడదీయాలని ఏకగ్రీవంగా నిర్ణయించారు. అట్టలు పాత పెళ్ళిపత్రికల నుంచి కత్తిరించారు. మరిచిపోకుండా ప్రతివాళ్ళూ తమ ఫ్లాట్ నంబరునే పాస్‌వర్డుగా పెట్టుకోవాలనీ, ఇంకా గట్టి భద్రత కోరేవాళ్ళు అదే నంబరు రెండుసార్లు వేసుకోవచ్చనీ వెసులుబాటు ఇచ్చారు.

అంతా అయిపోయిందనుకుంటుండగా పుష్పావతమ్మగారు ఒక మౌలికమైన అభ్యంతరం లేవదీశారు.

“దీపాలు పెట్టే యాలకి ఎవురన్నా వాకిలి మూస్తారా? లచ్చిందేవి వచ్చే యాల కదా. ఈ బీగాలు ఆ యాలకి తీసుండాల.”

అందరూ తలలూపారు. చివరికి అమరనాథ్ సంధ్యవేళ ముప్పావు గంట సేపు అన్ని నెట్‌వర్కులూ తెరిచి ఉంచాలనీ, దాన్ని లక్ష్మీ విండో అనాలనీ రాశాడు. ఆ ముప్పావు గంటలో ఇంకెవరు లోపలికి వచ్చినా లక్ష్మీదేవితో కలిసి వచ్చినట్టే భావించాలని నేనొక సవరణ ప్రతిపాదించాను. ఆమోదించారు.

ఫయాజ్ ఒక్కడే లేచాడు. “సార్, గేటు దగ్గర వేలాడదీస్తే అది పాస్‌వర్డ్ కాదు, తోరణం.”

అందరూ నవ్వారు. ఎవరూ క్షమించలేదు.

వారం తిరిగేసరికి బోర్డు మీద పది అట్టలు వేలాడుతున్నాయి. కొరియరువాడూ కూరలావిడా గ్యాసువాడూ నిలబడి చదివి, తృప్తిగా లోపలికి వెళ్ళేవాళ్ళు. పదకొండో మేకు ఖాళీ. మామూలుగా ఖాళీ మేకుని ఎవరూ చూడరు. పది నిండిన మేకుల పక్కన ఉంటే మాత్రం అది తప్ప ఇంకేదీ కనపడదు. “ఆ మేకు ఎవరిది లింగన్నా?” అని పాలవాడు కూడా అడిగాడట. ఫ్లాట్లు చూడటానికి వచ్చిన పరాయివాళ్ళకి సైతం 302 సంగతి గేటు దాటకముందే తెలిసిపోయేది. ఇరవై ఆరు అక్షరాలు పెళ్ళిపత్రిక ముక్క మీద పట్టవని అమరనాథ్ దయతలచి పెద్ద అట్ట ఇవ్వజూపాడు. ఫయాజ్ వద్దన్నాడు.

ఆ సాయంత్రమే తిమ్మరాయప్పగారు మూడో అంతస్తుకి వచ్చారు. లిఫ్ట్ ఉండగా మెట్లెక్కి వచ్చారు, అంటే మనసు బాగాలేదన్నమాట. 302 గుమ్మంలోనే నిలబడి చెప్పారు.

“అగ్రిమెంటు రాసేది ఉండాది కదప్పా. కమిటీ ఏమంటాదంటే, వాళ్ళు అబ్జెక్షను లేదంటేనే రాయాలంట. నాకేం లేదు. కమిటీ అంటాదే.”

(కమిటీకి అధ్యక్షుడు ఆయనే. కానీ ఆయన కమిటీ వేరు, ఆయన వేరు. పదవి అంటే అదే.)

మర్నాడు పొద్దున సమీనా తోడుకి వచ్చింది. నా భార్య కాత్యాయని మా గిన్నెలో తోడు వేసి ఇచ్చినా ఆ అమ్మాయి కదలలేదు.

“మళ్ళీ ఇళ్ళ కోసం తిరగడం నావల్ల కాదక్కా. ఫోన్‌లో పేరు చెప్పేముందు ఆయన గొంతు సవరించుకుంటాడు. అది చూడలేను.”

“ఏం కాదులే. తిమ్మరాయప్పగారు మంచాయన,” అంది కాత్యాయని.

“మంచాయనే అక్కా,” అంది సమీనా. గిన్నె రెండు చేతులా పట్టుకుని ఇంట్లోకి వెళ్ళింది.

శనివారం ఉపసంఘం తిమ్మరాయప్పగారిని వెంటబెట్టుకుని 302ని తనిఖీ చేసింది. ఎదురింటివాణ్ణి కనుక నన్ను పొరుగు సాక్షిగా నియమించారు. కాత్యాయని మా గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. సమీనా అందరికీ టీ, రస్కులు పెట్టింది. తనిఖీకి వచ్చినవాళ్ళు తనిఖీ జరిగే ఇంట్లో రస్కులు తినవచ్చా అన్న దాని మీద నియమం లేకపోవడంతో తిన్నారు. రూటరు ఫ్రిజ్ మీద ఉంది, ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. పుష్పావతమ్మగారు దాని ముందు కాసేపు నిలబడ్డారు.

“ఇది ఎప్పుడూ ఇట్లే కన్ను కొడతా ఉంటాదా అమ్మా?”

“ఔనాంటీ.”

“ఎవురికి?”

అమరనాథ్ రూటరు చుట్టూ తిరిగి చూసి, యాంటెన్నా పడమటి వైపు వాలి ఉందని గమనించాడు. ఎందుకలా ఉందని అడిగాడు. “అటు గోడ ఉంది సార్, ఆనించినా,” అన్నాడు ఫయాజ్. అమరనాథ్ రాసుకున్నాడు. (మా ఇంటి యాంటెన్నా కూడా పడమటికే వాలి ఉంటుంది. మాకూ అటే గోడ. దాన్ని ఇంతవరకు ఎవరూ రాసుకోలేదు.)

“సింపుల్‌గా క్లోజ్ చేద్దాం ఫయాజ్ గారూ,” అన్నాడు అమరనాథ్. “బోర్డు మీద పెట్టనన్నారు. ఓకే. అయితే లాకే తీసేయండి. దాచడానికి ఏమీ లేదని ప్రూవ్ అవుతుంది.”

“సార్, తాళాలు వేసుకోవాలని కదా మీ తీర్మానం?”

“అది జనరల్. మీది స్పెషల్ కేస్.”

ఫయాజ్ ఉపన్యాసం మొదలుపెట్టబోయాడు. తిమ్మరాయప్పగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. “తీసేయప్పా బీగం. అందరికీ మనసు నిమ్మళంగా ఉంటాది. సోమవారం అగ్రిమెంటు రాసుకుందాం.”

ఫయాజ్ సమీనా వైపు చూశాడు. ఆమె టీ గ్లాసులు సర్దుతూ ఉంది, తల ఎత్తలేదు. అతను వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పిల్లకి కష్టపడి వేసిన జడ విప్పుతున్నట్టు ఒక్కో పాయా విప్పాడు. పేరు కూడా కనపడేట్టు చేయమన్నాడు అమరనాథ్. చేశాడు. నిమిషంలో మా అందరి కంప్యూటర్లలో ‘ఫయాజ్ 302’ అని ప్రత్యక్షమైంది.

“ఇప్పుడు బాగుండాది,” అన్నారు తిమ్మరాయప్పగారు, రెండో టీ అడిగి తాగుతూ. అభ్యంతరం లేదని కాగితం రాసివ్వమని ఫయాజ్ అడిగితే నొచ్చుకున్నారు. “రాత ఏమిటికప్పా, మనలో మనకి?”

సోమవారం నాడు ఆయనకి ఒక పెళ్ళి తగిలింది. అగ్రిమెంటు వచ్చేవారానికి వాయిదా పడింది.

ఆ మధ్యలో జరిగినదాన్ని విప్లవం అనాలి. ఫయాజ్ తన వృత్తి మీద భక్తితో అపార్ట్‌మెంట్ మొత్తంలో అతి మంచి రూటరు ఎప్పుడో కొనుక్కున్నాడు. దాని సిగ్నల్ మేడ మీద నీళ్ళ ట్యాంకు నుంచి కింద జనరేటరు గది దాకా వచ్చేది. మిగిలిన పది ఇళ్ళవాళ్ళు తాళాలైతే వేశారు గానీ, తమ నంబరు ఒకసారి వేశామా రెండుసార్లు వేశామా అన్నది చాలామందికి గుర్తులేదు. గేటు దాకా దిగి చూసి రావాలి. తాళం లేని ఇల్లు పక్కనే ఉండగా తాళమున్న ఇంట్లోకి దూరడానికి ఎవడు కష్టపడతాడు? ఒక్కొక్కరే ఫయాజ్ నెట్ మీదకి మారారు. కరెంటు దండగని తమ రూటర్లు ఆపేశారు. కొందరైతే కనెక్షనే తీయించేశారు. కాత్యాయని వంటల వీడియోలు అతని నెట్ మీదే చూసేది. నేను పీణ్యకి పంపాల్సిన జాగ్రత్తల కాగితాలు అతని నెట్ మీంచే పంపేవాణ్ణి. అమరనాథ్ తన ఆఫీసు మీటింగులు అందులోనే పెట్టుకున్నాడు.

ఫయాజ్‌కి మాత్రం ఇంట్లోంచి ఆఫీసు పని జరగడం మానేసింది. ఒకరోజు లిఫ్ట్‌లో, “సార్, కొంచెం తగ్గించి వాడండి, నాకే రావట్లేదు,” అన్నాడు మెల్లిగా. “ఓపెన్‌గానే ఉంది కదండీ,” అని అమరనాథ్ మర్యాదగా గుర్తుచేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సొన్నప్ప వచ్చాడు. సొన్నప్ప అంటే మా వైపు తిరిగే బీట్ కానిస్టేబులు. అపార్ట్‌మెంట్లలో ఇంటర్నెట్‌కి తాళాలు వేసుకోమని చెప్పి రమ్మని స్టేషనువాళ్ళు పంపితే, సైకిల్ స్టాండ్ వేసి గేటు దగ్గర ఆగాడు. లింగన్న గర్వంగా బోర్డు చూపించాడు.

“పది ఇండ్లకి బీగాలు వేసినారు సార్. ఇవే పాస్‌వర్డులు, చూసుకోండి. ఆ ఒక్క మేకు ఇంటికే బీగం లేదు.”

సొన్నప్ప బోర్డుని కొంతసేపు చూశాడు. టీ తాగాడు. “ఆ ఇంటోళ్ళని గూడ వేసుకోమనప్పా,” అని చెప్పి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆయనకి సంబంధించినంతవరకు విషయం అక్కడితో ముగిసింది.

మాకు అక్కడే మొదలైంది. ఆ సాయంత్రం అత్యవసర సమావేశం. గౌరవంగా బతుకుతున్న అపార్ట్‌మెంట్ గేటు దాకా పోలీసు రావడానికి 302 కారణమైందని ఎజెండా. అమరనాథ్ మినిట్స్ చదివాడు. “ప్రతి ఇల్లూ లాక్ చేయాలని రిజల్యూషన్ ఉంది. ఒక్క ఇల్లు తప్ప అందరూ కంప్లై అయ్యారు.”

ఫయాజ్ నిలబడి, “మీరే కదా సార్ తీయమన్నది?” అన్నాడు.

“మినిట్స్‌లో ఉందా?”

“మా ఇంట్లో చెప్పినారు. టీ తాగుతా చెప్పినారు.”

“మినిట్స్‌లో ఉందా అని అడుగుతున్నా.”

పేజీలు తిప్పారు. లేదు. ఫయాజ్ తిమ్మరాయప్పగారి వైపు చూశాడు. “అంకుల్, మీరు నా భుజం మీద చెయ్యి వేసి చెప్పినారు.” తిమ్మరాయప్పగారు సెల్లార్ నేల మీద ఆయిల్ మరకని శ్రద్ధగా చూస్తున్నారు. పొరుగు సాక్షి ఏమంటారని అమరనాథ్ నన్ను అడిగాడు.

నాకు చెప్పాలనే అనిపించింది. నిజంగా అనిపించింది. మా ఇంటి అగ్రిమెంటు కూడా తిమ్మరాయప్పగారితోనే అని అదే సమయంలో గుర్తొచ్చింది. దగ్గాను.

సాక్షి చెప్పేది ఏమీ లేదని రాసుకున్నాడు అమరనాథ్.

ఆడవాళ్ళ వరసలోంచి కాత్యాయని లేచింది. “నేను చూశాను. మా గుమ్మంలోనే ఉన్నాను. మీరంతా కూర్చుని అడిగితేనే తీశాడు. అయినా అమరనాథ్ గారూ, ఇప్పుడు మీ ఒళ్ళో ఉన్న లాప్‌టాప్ ఎవరి నెట్ మీద ఉందో కూడా చదవండి.”

అమరనాథ్ లాప్‌టాప్‌ని కొంచెం తనవైపు తిప్పుకున్నాడు. మహిళల అభిప్రాయాలు మహిళా ప్రతినిధి ద్వారా రావాలని నియమం ఉందని చెప్పాడు. (అప్పుడే చేశాడు.) పుష్పావతమ్మగారు ఇంటాయన్ని అడిగి చెప్తానన్నారు. ఇంటాయన ఇంకా మరకనే చూస్తున్నారు.

అగ్రిమెంటు తిరగరాయకూడదని తీర్మానించారు. సమావేశం అయ్యాక తిమ్మరాయప్పగారు మెట్ల దగ్గర ఫయాజ్‌ని పట్టుకుని, “నాకేం లేదప్పా. కమిటీ అంటాదే,” అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి. ఆ నీళ్ళు అబద్ధం కాదు. దాని గురించి ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చాక కాత్యాయని ఒకే మాట అడిగింది. “దగ్గితే సాక్ష్యమా?”

నెలాఖరున టెంపో వచ్చింది. సామాను ఎక్కిస్తుంటే ఫయాజ్ కనపడలేదు. చూస్తే ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఆగిపోయిన రూటర్లు వెలిగించి, పది ఇళ్ళకీ పది వేరువేరు గట్టి తాళాలు వేసి, ఎవరిది వాళ్ళకి చెప్తున్నాడు. మా ఇంటికీ వచ్చాడు. నేను ఆపబోయాను.

“ఇదంతా ఎందుకు ఫయాజ్?”

“అలవాటు సార్. తలుపు తెరిచుంటే చూసి పోలేను,” అన్నాడు, నా ముఖం చూడకుండా పని చేస్తూ. “బోర్డు మీద మాత్రం పెట్టొద్దు సార్.”

సమీనా మా గిన్నె తిరిగి ఇచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని నిండా పంచదార పోసి తెచ్చింది. బడిలో మానేస్తున్నానని చెప్పింది. వాళ్ళు వెళ్తున్నది ఊరికి అటు చివర, ఒక బంధువుల ఇంటి మేడ మీద గదిలోకి. అక్కణ్ణుంచి ఈ బడికి రావడం కుదరదు. టెంపో మలుపు తిరిగేదాకా కాత్యాయని ఆ గిన్నె పట్టుకుని బాల్కనీలోనే నిలబడింది. నాకు సిగ్గేసింది. (మినిట్స్‌లో దానికి చోటు లేదు.)

పొద్దు గూకేలోపు పది కొత్త పాస్‌వర్డులూ కొత్త అట్టల మీద బోర్డుకెక్కాయి. పొడుగ్గా ఉన్నాయి కదా, మరిచిపోతామని. కనెక్షన్ తీయించేసినవాళ్ళకి మాత్రం తాళమున్నా నెట్ లేదు. ముందస్తు నోటీసు ఇవ్వకుండా రూటరు తీసుకుపోయి సభ్యులని అసౌకర్యానికి గురిచేసినందుకు మాజీ 302ని ఖండిస్తూ ఉపసంఘం తీర్మానం చేసింది. ఉపసంఘాన్ని రద్దు చేయలేదు. దాని పనితీరు చూసి పక్క అపార్ట్‌మెంట్‌వాళ్ళు నమూనా అడిగి పట్టుకెళ్ళారు.

302 కోసం గేటు దగ్గర టులెట్ బోర్డు కట్టారు. రెండు వారాలైనా ఎవరూ రాలేదు. ఒకరోజు నేను డూప్లికేట్ తాళంచెవి కోసం గేటు దగ్గరికి వెళ్తే తిమ్మరాయప్పగారు ఆ బోర్డు కిందే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఫోన్ మోగింది. కూడబలుక్కుని ఇంగ్లీషులో హలో అని, అవతలివాడు తెలుగువాడని తెలిశాక స్థిమితపడ్డారు.

“ఔనప్పా, ఇల్లు ఖాళీగానే ఉండాది. రెండు రూములు. బోరు నీళ్ళు బాగుండాయి. గాలి, వెలుతురు, అన్నీ ఉండాయి. ఎప్పుడొచ్చినా చూపిస్తా.” ఒక క్షణం ఆగారు. “ముందు నీ పేరు చెప్పప్పా.”

అవతలివాడు గొంతు సవరించుకోవడం నాకు వినపడింది. తర్వాత పేరు చెప్పాడు. తిమ్మరాయప్పగారు తలెత్తి టులెట్ బోర్డు వైపు చూశారు, నా వైపు చూశారు, మళ్ళీ బోర్డు వైపు చూశారు.

“అయ్యో,” అన్నారు, “నిన్ననే ఎవరికో ఇచ్చేస్తిమి కదప్పా.”

పాస్‌వర్డ్ అంటే ఏమిటో ఆయనకి మళ్ళీ ఎవరూ చెప్పవలసిన అవసరం రాలేదు.